నూరు పుస్తకాల నోము

డిసెంబరు 31 రాత్రి పదకొండున్నరకు ఉదయగిరి నుంచి మా బావమరిది ఫోను చేశాడు. పండక్కి ఎప్పుడొస్తారనో, అక్క మోకాలి నొప్పి ఎట్టా ఉందనో అడుగుతాడనుకున్నాను.

"ఎన్నయినాయి బావా?" అన్నాడు.

ఎన్నయినాయి అని మనవాళ్ళు అడిగేవి కొన్నే. కళ్ళంలో బస్తాలు, పెళ్ళిలో విస్తళ్ళు, కౌంటింగు రోజు ఓట్లు, ఆపరేషను చేసినచోట కుట్లు. ఇప్పుడు ఆ వరసలో పుస్తకాలు కూడా చేరాయి.

"ముప్పై ఏడు" అన్నాను. నిజానికి పద్నాలుగు.

"నాకు నూట నాలుగు" అన్నాడు. వెనకాల బాణాసంచా మోత వినపడింది. కొత్త సంవత్సరానికి కాలుస్తున్నారో, నూట నాలుగుకి కాలుస్తున్నారో తెలియలేదు.

సరిగ్గా ఏడాది కిందట ఇద్దరం కలిసి పట్టిన వ్రతం ఇది. 2025 జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళి చెరో రెండు సంచులు మోసుకొచ్చాం. నేను 52 అన్నాను, వారానికొకటి. వాడు 100 అన్నాడు. అనడమే కాదు, ఉదయగిరి కోట కొండ వెనక కనపడేట్టు నిలబడి, చంకలో ఎనిమిది పుస్తకాలు పెట్టుకుని ఫోటో దిగి, "ఈ ఏడాది నూరు కోటలు పడతా" అని ఫేస్‌బుక్కులో పెట్టాడు. ఆ కొండ మీదున్న ఒక్క కోటను గజపతుల చేతిలోంచి లాక్కోవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటి వాడికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. ఏనుగులూ గుర్రాలూ పెట్టుకుని, బండలు కొట్టించి కొండకు దారులు వేయించుకుని, 1514లో గానీ లోపలికి అడుగు పెట్టలేకపోయాడు. మా వాడి దగ్గరున్న బలగమల్లా ఒక స్మార్ట్‌ఫోను, ఒక ఫ్లాస్కు టీ.

పోలిక ఊరికే రాలేదు. కోట పట్టిన రాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకుపోయి, విజయనగరంలో గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేశాడు. మా వాడు పుస్తకం పట్టగానే దాని అట్ట ఫోటో తీసుకుపోయి స్టేటస్సులో ప్రతిష్ఠ చేస్తాడు. ఇరవై నాలుగ్గంటల్లో నిమజ్జనం.

ఈ జబ్బు అమెరికా నుంచి దిగుమతయిందని మేధావులు అంటారు. గుడ్‌రీడ్స్ అనే వెబ్‌సైటు 2011లో ఏడాదికి ఇన్ని పుస్తకాలని జనం చేత పందెం కాయించడం మొదలుపెట్టిన మాట నిజమే. కానీ పాపం వాళ్ళకు మా నాయనమ్మ సంగతి తెలియదు. ఆమె లక్ష వత్తుల నోము పట్టిన మనిషి. నూరు వత్తులకు ఒక చింతగింజ పక్కన పెట్టేది. ఆ తర్వాత రామకోటికి దిగింది. ఒక చేత్తో రాముడి పేరు రాస్తూ, నోటితో కోడల్ని తిడుతూ, పుస్తకాలకు పుస్తకాలు నింపింది. చెయ్యీ ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు. లక్ష పత్రి పూజ, కోటి తలంబ్రాలు, నూట ఎనిమిది ప్రదక్షిణలు... లెక్క దగ్గర మనల్ని మించిన జాతి ఎక్కడుంది? నోము నోచేవాళ్ళకు ఉద్యాపన ఉండాలి, వాయనం ఉండాలి, పుచ్చుకునే ముత్తయిదువలుండాలి. మా వాడి నోముకు డిసెంబరు 31 ఉద్యాపన. నూరు అట్టల బొమ్మలు ఒక్క చట్రంలో ఇరికించిన ఫోటో వాయనం. లైకు కొట్టినవాళ్ళందరూ ముత్తయిదువలు.

ఒక్క తేడా ఉంది. మా అమ్మ నలభై ఏళ్ళుగా సుందరకాండ పారాయణ చేస్తుంది. 68 సర్గలు. చుట్టాలొచ్చిన రోజు రెండు సర్గలు ఎగరగొడుతుందనీ, హనుమంతుడు అశోకవనం చేరాల్సిన చోట కాఫీకి లేస్తుందనీ నాకు తెలుసు. అయినా మధ్యలో ఏ ముక్క అడిగినా చెబుతుంది. రంజాను నెలలో ఉదయగిరి మసీదుల్లో ముప్పై పారాల ఖురాను రాత్రి నమాజుల్లో వినేవాళ్ళూ అంతే. భాగవత సప్తాహం ఏడు రోజులే. పరీక్షిత్తుకు అంతకంటే గడువు లేదు, తక్షకుడు వస్తున్నాడు. అక్కడ గ్రంథం ఒకటే, లెక్క సార్లది. మా నోములో లెక్క గ్రంథాలది. సార్ల సంగతి అడగొద్దు, ఒక్కసారికే దిక్కులేదు.

నేను లెక్కల మాస్టర్ని. ఆత్మకూరులో కాపురం, ఉదయగిరి దారిలో ఒక హైస్కూల్లో ఉద్యోగం. కాబట్టి లెక్క నేనే వేసి పెట్టాను. నూరు పుస్తకాలు, ఒక్కోటి సగటున రెండు వందల పేజీలు, మొత్తం ఇరవై వేలు. 365తో భాగిస్తే రోజుకు 55 పేజీలు. పేజీకి రెండు నిమిషాలైతే గంటా యాభై నిమిషాలు. నాది అందులో సగం. పోతూ వస్తూ బస్సులో గడిపేదానికే సరిపోద్ది. కాగితం మీద ఇంత బాగా పారిన పథకం మా వైపు ఇంకొకటుంది. సోమశిల జలాశయంలో 78 టీఎంసీల నీళ్ళు పడతాయి, హైలెవల్ కాలువ తవ్వి మెట్ట మండలాలకు పారిస్తాం అన్నారు. కాగితం మీద ఆ నీళ్ళు ఉదయగిరి ఎన్నడో చేరాయి.

మొదటి పుస్తకంగా వేయిపడగలు పట్టుకున్నాను. ఇది నా అహంకారం, ఎవరి తప్పూ లేదు. వెయ్యి పేజీల దాకా ఉన్న ఆ నవలను విశ్వనాథ సత్యనారాయణ గారు 29 రోజుల్లో చెప్పి రాయించారని అంటారు. చెప్పడానికి 29 రోజులైతే చదవడానికి నెల చాలదా అనుకున్నాను. పల్లెవెలుగు బస్సులో ఆ పుస్తకం విప్పడమంటే ఒళ్ళో ఇటుక పెట్టుకుని కూర్చోవడం. గతుకు వచ్చిన ప్రతిసారీ రెండు పడగలు దాటిపోయేవి. ఫిబ్రవరి ఆఖరుకు 112వ పేజీ.

ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక ఆ కాస్తా పోయింది. సీటే లేనప్పుడు ఇటుక ఎక్కడ పెట్టుకునేది? ఒకరోజు కడ్డీ పట్టుకుని నిలబడి చంకలో వేయిపడగలుతో వేలాడుతుంటే, సీట్లో కూర్చున్న ఒక పెద్దామె జాలిపడి పుస్తకం తన ఒళ్ళో పెట్టుకుంది.

"పరీక్షలా సారూ?"

"కాదమ్మా."

"మరి ఇంత లావుది ఎందుకు మోస్తా ఉండారు?"

ఏడాదిలో యాభై రెండు చదువుతానని అనుకున్నానని చెప్పాను. ఆమెకు వెంటనే అర్థమయింది. "మొక్కా! నాదీ మొక్కే సారూ. ఏయస్ పేట దర్గాకి పదకొండు వారాలు. ఇది ఏడోది. మనవడికి మాట రావాలని." తర్వాత మామూలుగానే అడిగింది: "మీది తీరితే ఏమొస్తది?"

అప్పటినుంచి ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాను. ఆమె మాత్రం దిగేలోపల మనవడి కథ, కోడలి కథ, కోడలి తమ్ముడు కువైటులో ఇరుక్కుపోయిన కథ చెప్పింది. ఆ గంటలో విన్నది నవలగా అచ్చయి ఉంటే నా లెక్కలో ఒకటి పెరిగేది.

చదవలేనివాడు ఏం చేస్తాడు? నా పుస్తకం అరిగిపోయిందనీ అక్షరాలు సన్నగా ఉన్నాయనీ సాకు పెట్టుకుని, వేరే ప్రతి కోసం ఒక గ్రంథాలయానికి వెళ్ళాను. ఏ ఊరిదో చెప్పను, అన్నీ ఒకటే. ఇంటిపన్ను కట్టిన ప్రతివాడూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాడు. 1960 నాటి చట్టం ఆ ఏర్పాటు చేసింది. మనం పన్ను కట్టిన గ్రంథాలయంలోకి మనమే వెళ్ళకపోవడం ఒక విధమైన దానగుణం. లోపల మాత్రం ఖాళీ లేదు. కుర్రాళ్ళు గోడ వారగా నేల మీద కూడా కూర్చుని ఉన్నారు. 16,347 టీచరు పోస్టుల మెగా డీఎస్సీ జూన్‌లో పెట్టారు కదా, దాని వేడి అది. పొద్దున తెరిచినప్పుడు వచ్చి మూసేవేళకు పోయేవాళ్ళు. ఈ జిల్లాలో ఆ ఏడాది నిజంగా వేల పేజీలు చదివింది వాళ్ళే. స్టేటస్సు పెట్టడానికి వాళ్ళకు ఓపిక లేదు.

వేయిపడగలు బీరువా అడుగు అరలో దొరికింది. వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ మీద చివరి ముద్ర 1998. తెరిస్తే లోపల ఒక ఆర్టీసీ టిక్కెట్టు. కండక్టరు చిల్లు పొడిచిన పాతకాలపు టిక్కెట్టు, ఆ చిల్లు చుట్టూ కాగితం పసుపెక్కింది. ఎన్నో పేజీలో ఉందో చెబితే మీరు నమ్మరు. 112 కాదు, 109. ఇరవై ఏడేళ్ళ కిందట ఎవరో మహానుభావుడు నాకంటే మూడు పేజీల ముందే బస్సు దిగిపోయాడు. టిక్కెట్టు అక్కడే పెట్టేసి వచ్చాను. మళ్ళీ ఎప్పుడైనా వస్తాడేమో.

ఇంత హడావుడి లేకుండానే మా వైపు జనం దండిగా చదివిన కాలం ఒకటుండేది. మా అక్క పదో తరగతితో చదువు మానేసి ఇంట్లో ఉన్న రోజుల్లో, బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల బంకు ఉండేది. రోజుకింతని అద్దె. రెండో రోజుకు పోతే డబుల్. యద్దనపూడి, యండమూరి, మధుబాబు, మల్లాది. అట్టలు ఊడిపోతే పాత క్యాలెండరు అట్టలు అంటించేవాడు. కాబట్టి ప్రతి ప్రేమకథ మీదా వెంకటేశ్వరస్వామి ఉండేవాడు. డిటెక్టివ్ నవలల్లో చివరి పేజీలు ఉండవు, ఎవరో చింపుకుపోతారు. అంతకంటే దుర్మార్గుడు ఇంకొకడు ఉండేవాడు, మొదటి పేజీలోనే పెన్సిలుతో హంతకుడి పేరు రాసేవాడు. మా అక్క పొద్దున తెచ్చుకుని, అన్నం ఉడికేలోపు ముప్పై పేజీలు, అందరూ పడుకున్నాక మిగిలింది, తెల్లారి బడికి పోతూ నేను తిరిగి ఇచ్చేయాలి. ఒకరోజు అద్దె మిగలాలంటే అంతే మరి. చివరి పేజీలు లేని నవల వస్తే రాత్రంతా తానే ముగింపు అల్లి, పొద్దున పంపు దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళకు చెప్పేది. వాళ్ళలో ఒకామె వేరే ముగింపు చెప్పేది. పోట్లాట. ఏడాదికి ఆమె చదివినవి ఎన్నో ఆమెకు తెలియదు. లెక్క బంకువాడి నోటుపుస్తకంలో ఉండేది, అదీ బాకీ కింద.

ఇంకా వెనక్కి పోతే ఉదయగిరిలోనే ఇంకో రకం చదువరులు ఉన్నారు. 15వ శతాబ్దిలో ఇక్కడ ఏలిన బసవభూపాలుడికి దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని అంకితమిచ్చాడు. ఆయన మంత్రి గంగయకు నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు ప్రబోధచంద్రోదయాన్ని అంకితమిచ్చారు. అంకితం పుచ్చుకోవడమంటే అట్ట మీద పేరు చూసుకోవడం కాదు. సభలో కూర్చుని వినాలి, బాగున్నచోట తలాడించాలి, బాగాలేనిచోట కూడా మర్యాదగా తలాడించాలి. ఈ సంగతి మా బావమరిదితో చెప్పాను. వాడు ఆలోచించి, "ఇద్దరు రాసింది గదా బావా, ఒకటిగా వేసుకోవాలా రెండుగానా?" అన్నాడు.

సంక్రాంతికి ఉదయగిరి వెళ్ళాం. అరిసెలు తింటూ వాడి జాబితా పుస్తకం చూపించమన్నాను. లెక్కల మాస్టరు బుద్ధి, ఆడిట్ చేయకుండా ఉండలేను. చక్కగా గీతలు కొట్టి, క్రమసంఖ్య, పుస్తకం పేరు, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, సంతకం. పంచాయతీరాజ్ ఇంజినీర్ల ఎం-బుక్కు కూడా అంత శుభ్రంగా ఉండదు. లోపల జరిగిన పని కూడా ఇంచుమించు ఆ పద్ధతే.

24 నుంచి 27 వరకు నాలుగు శతకాలు: వేమన, సుమతి, భాస్కర, దాశరథి. నాలుగూ ఒకే ఆదివారం. 31: విశ్వావసు నామ సంవత్సర పంచాంగం. "చదివావా?" అంటే, "ఉగాది రోజు అయ్యవారు చదివాడు, నేను విన్నా, ఆడియో బుక్కు లెక్క" అన్నాడు. 40 నుంచి 51: చందమామ పాత సంచికలు పన్నెండు, విడివిడిగా. 66: పెద్దబాలశిక్ష, పక్కన బ్రాకెట్లో "కొంత". 77: వేయిపడగలు!

నా గుండె ఒక్క క్షణం ఆగింది. "నిజంగా పూర్తి చేశావా?"

"యూట్యూబులో బావా. పద్దెనిమిది నిమిషాలు. స్పీడు పెంచితే పన్నెండే."

29 రోజులు చెప్పినాయన కష్టం పన్నెండు నిమిషాల్లో తేలిపోయింది. ఇక్కడితో ఆపి ఉంటే మర్యాదగా ఉండేది. కానీ 19వ నంబరు దగ్గరా 93వ నంబరు దగ్గరా ఒకే పేరు కనపడింది. గోపీచంద్ నవల, అసమర్థుని జీవయాత్ర. ఒకటి మార్చిలో, ఇంకోటి నవంబరులో.

"రెండుసార్లు చదివావేం? అంత నచ్చిందా?"

వాడు పుస్తకం లాక్కుని చూసుకున్నాడు. మొహంలో రంగు మారింది. "మార్చిలో చదివిన సంగతి నాకు గుర్తులేదు బావా" అన్నాడు నెమ్మదిగా. "నవంబరులో చదివేటప్పుడు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నా."

"సీతారామారావు చివరికి ఏమైపోయాడు?"

"ఏ సీతారామారావు?"

పక్కగదిలోంచి మా ఆవిడ నవ్వు వినపడింది. వాళ్ళ తమ్ముడైనా సరే, ఆ నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను, మహా గొప్పగా నవ్వాను. పోయేటప్పుడు వాడు కోపం పెట్టుకోకుండా ఉదయగిరిలో చేసే చెక్క పనితనం ఒకటి చేతిలో పెట్టాడు. నర్ది చెక్కతో చేసిన పేజీ కత్తి, పిడి మీద జాలీలాగా సన్నటి చెక్కడం. ఎవరో ఆడమనిషి ఆకురాయి పట్టి రుద్ది రుద్ది తెచ్చిన నునుపు అది, వేలు పెడితే జారిపోతుంది. "వేయిపడగల్లో పెట్టుకో బావా" అన్నాడు. ఎగతాళో అభిమానమో అర్థం కాలేదు. 112వ పేజీలో పెట్టాను, అతికినట్టు కూర్చుంది. ఇక కదలదు.

బస్సులో తిరిగి వస్తూ కూడా నవ్వుకుంటూనే ఉన్నాను. సెలవులయిపోయి బడి తెరిచేదాకా.

దానికి ముందు సంగతి ఒకటి చెప్పాలి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఏటా లాగే మా బళ్ళో బీరువా తాళం తీసి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, తలా ఒక పుస్తకం చేతికిచ్చి ఫోటో తీశాం. ఫోటో తీసింది నేనే. గ్రూపులో పెట్టింది నేనే. ఆ వెంటనే పుస్తకాలు వెనక్కి తీసుకుని లెక్కపెట్టి లోపల పెడుతుంటే ఏడో తరగతి పిల్ల ఒకతె వదల్లేదు.

"ఇంటికి తీసుకపోతా సార్. సగం అయింది."

"ఫోటో అయిపోయింది గదమ్మా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇంకెవరి మీదైనా పెట్టడానికి వీల్లేదు, చుట్టుపక్కల వేరే మాస్టర్లు కూడా లేరు. ఆ పిల్ల పుస్తకం ఇచ్చేసి పోయింది. రెండు రోజులు నాకు అన్నం సయించక, మూడో రోజు మా ఇంట్లోంచి ఒక పుస్తకం తెచ్చి ఇచ్చాను. మాస్కోలో అచ్చయి, ఒకప్పుడు రూపాయికీ రెండు రూపాయలకీ దొరికిన తెలుగు పిల్లల పుస్తకాల్లో ఒకటి. మంచు, ఎలుగుబంటి, పొయ్యి మీద పడుకునే ముసలాయన. బొమ్మలు ఇప్పటికీ మెరుస్తాయి. నా పద్నాలుగులో అదొకటి. ముప్పై ఏడులో కాదండీ, నిజమైన పద్నాలుగులో. జూలైలో చదివినట్టు తేదీతో సహా రాసుకున్నాను.

సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి రోజు ఆ పిల్ల స్టాఫురూము గుమ్మం దగ్గర నిలబడింది. పుస్తకానికి నీలం కాగితం అట్ట వేసింది, నేను అడగలేదు.

"చదివావా?"

"చదివినా సార్. మా తమ్ముడికి కూడా చదివినా. కానీ సార్, చివర రెండు పేజీల్లేవు." మధ్య కుట్టు దగ్గర కాగితం పీలికలు వేలితో చూపించింది. చాలా పాత చిరుగు. నేను కొనకముందు చిరిగిందో, కొన్నాక చిరిగిందో. "ఆ ముసలాయన ఇంటికి చేరతాడా సార్, మంచులోనే ఉండిపోతాడా? మా తమ్ముడు రోజూ అడగతా ఉండాడు. మీరు చదివినారు గదా."

గంట కొట్టారు. తొమ్మిదో తరగతికి భిన్నాలున్నాయి.

"రేపు చెబుతాలేమ్మా" అన్నాను.